బెదురు పిల్లులను ఇంట్లోనే ఉంచి ఊరికి వెళ్ళాలంటే

కర్నూలు బి.క్యాంపులో ఉంటున్న మీరు, బెంగళూరులో అమ్మాయి కాన్పుకు మార్చి చివర్లో వెళ్తే మూడు వారాల దాకా తిరిగి రాలేమని, ఇంట్లోని రెండు పిల్లులను ఎవరికి, ఎలా అప్పగించాలో తేల్చుకోలేకపోతున్నామని రాశారు. సోముకు ఆరేళ్ళు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన మగపిల్లి, నిరుడు ఒకసారి మూత్రం ఆగిపోయి ప్రాణం మీదికి వచ్చింది. మల్లికి మూడేళ్ళు, హంద్రీ ఒడ్డున దొరికిన పిల్ల, కాలింగ్ బెల్ మోగితే చాలు మంచం కిందికి దూరి చుట్టాలు వెళ్ళిపోయేదాకా బయటికి రాదు. హైదరాబాదులో డబ్బు తీసుకొని పిల్లులను ఉంచుకునే బోర్డింగ్, నంద్యాలలో మీ మరిది ఇల్లు, రోజూ ఊడ్చి తుడవడానికి వచ్చే పనమ్మాయి, పక్కింట్లో ఉండే రిటైరైన టీచరమ్మ. ఈ నాలుగింటిలో దేన్ని ఎంచుకోవాలన్నది మీ ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను. పిల్లులను ఇల్లు కదిలించకండి. టీచరమ్మ రోజుకు రెండుసార్లు మీ ఇంటికే వచ్చి చూసుకునేటట్లు ఏర్పాటు చేసుకోండి, ఆ ఏర్పాటును ప్రయాణానికి ముందు రోజు కాక కనీసం మూడు వారాల ముందే మొదలుపెట్టండి. నేను అనంతపురంలో ఉంటాను. సొంత పిల్లులతో పాటు, ఊళ్ళకు వెళ్ళే తెలిసినవాళ్ళ పిల్లులను వాళ్ళ వాళ్ళ ఇళ్ళలోనే చూసుకోవడం చాలా ఏళ్ళుగా అలవాటైన పని. బెదురు పిల్లుల విషయంలో ఇంత స్పష్టంగా చెప్పడానికి ఆ అనుభవమే ఆధారం.

పిల్లికి ఇల్లంటే కేవలం తలదాచుకునే చోటు కాదు. తలుపు చెక్కకు, సోఫా అంచుకు, మీ కాళ్ళకు అది చెంపలు రుద్దినప్పుడల్లా తన వాసనను అక్కడ వదులుతుంది, ఆ వాసనల మధ్య తిరుగుతున్నంతసేపు తనకు ముప్పు లేదన్న ధీమాతో ఉంటుంది. మనుషులు కనబడకపోయినా ఆ వాసనలు ఉంటే చాలా పిల్లులు నెగ్గుకొస్తాయి. మనిషీ లేక, ఇల్లూ మారితే దానికి పట్టుకొమ్మ మిగలదు. బోర్డింగులో రెండు వారాలు ఉంచిన పిల్లులను పరిశీలించి 1997లో ప్రకటించిన ఒక అధ్యయనంలో మూడింట రెండు వంతులు బాగానే సర్దుకున్నాయని, నూటికి నాలుగు మాత్రం చివరిదాకా తీవ్రమైన ఒత్తిడిలోనే ఉండిపోయాయని తేలింది. అంటే బోర్డింగ్ అన్ని పిల్లులకూ చెడ్డదని కాదు. ఎవరొచ్చినా ఒళ్ళోకెక్కే పిల్లి అయితే నేనే పంపించమనేదాన్ని. బెల్లు మోగితే దాక్కునే మల్లి ఆ నూటికి నాలుగింటిలో ఒకటి కాదని ఎవరూ హామీ ఇవ్వలేరు, పైగా అక్కడికి చేరాలంటే 210 కిలోమీటర్లు బుట్టలో కూర్చోవాలి, చేరాక పక్క గదిలో కుక్కల అరుపులు వినాలి.

మీ మరిది ఇంటి విషయానికొస్తే, వాళ్ళ ప్రేమను నేను శంకించడం లేదు. కానీ పిల్లలు లోపలికీ బయటికీ పరుగెత్తే ఇంట్లో వాకిలి ఎప్పుడూ తీసే ఉంటుంది, వాళ్ళకొక కుక్క కూడా ఉందని మీరే రాశారు. కొత్త ఊళ్ళో తప్పించుకున్న పిల్లి ఇల్లు వెతుక్కుంటూ రాలేదు, ఎందుకంటే అక్కడ దానికి ఇల్లే లేదు. బెంగళూరుకు వెంట తీసుకెళ్ళడం గురించి ఆలోచించకండి. బాలింత, పసిబిడ్డ, వచ్చిపోయే చుట్టాలు ఉన్న ఫ్లాటులో రెండు బెదురు పిల్లులను చూసుకునే తీరిక మీకెవరికీ ఉండదు.

భయాన్ని మనం పిల్లి మనసుకు సంబంధించినదిగా మాత్రమే చూస్తాం గాని, అది ఒంటి మీదికి రావడానికి ఎక్కువ సమయం పట్టదు. సోము లాంటి మగపిల్లుల్లో ఒత్తిడి వల్ల మూత్రాశయం వాచి, సన్నని మూత్రనాళం స్ఫటికాలతోనో జిగురుతోనో మూసుకుపోవచ్చు. పూర్తిగా మూసుకుపోయిన పిల్లి ఒకటి రెండు రోజుల్లోనే చనిపోగలదు. ఒకసారి వచ్చినదానికి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. మల్లి లాంటివాటికి వేరే ప్రమాదం ఉంది. భయంతో తిండి మానేసిన పిల్లికి, ముఖ్యంగా కాస్త ఒళ్ళు చేసినదానికి, రెండు మూడు రోజుల్లోనే కొవ్వు కాలేయంలో పేరుకుపోవడం మొదలవుతుంది, అప్పుడది తినాలనుకున్నా తినలేని స్థితికి చేరుతుంది. చిన్నప్పుడు వీధిలో జలుబు చేసిన పిల్లులైతే చాలావాటి ఒంట్లో హెర్పిస్ వైరస్ దాగి ఉండిపోయి, ఒత్తిడి కలిగిన వారం తర్వాత తుమ్ములు, కంటి పుసులతో బయటపడుతుంది. "నాలుగు రోజులు తినకపోతే ఏమవుతుంది, ఆకలేస్తే అదే తింటుంది" అనే మాట కుక్క విషయంలో చెల్లవచ్చేమో గాని పిల్లి విషయంలో చెల్లదు. టీచరమ్మకు ముందుగా చెప్పవలసిన మాట ఇదే.

ఆమెనే ఎందుకు ఎంచుకోమన్నానో చెబుతాను. పిల్లిని చూసుకునే మనిషికి పిల్లులంటే విపరీతమైన ముద్దు ఉండనక్కరలేదు, ఒక్కోసారి ఆ ముద్దే అడ్డం వస్తుంది. దాక్కున్న పిల్లిని చూడగానే మంచం కింద చెయ్యి పెట్టి లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలనిపించేవాళ్ళ కంటే, వచ్చి తన పని తాను చేసుకొని, కాసేపు నిశ్శబ్దంగా కూర్చుని, వేళకు మళ్ళీ వచ్చే మనిషి బెదురు పిల్లికి ఎన్నో రెట్లు మేలు. గొంతు పెద్దది కాకూడదు, నడక నెమ్మదిగా ఉండాలి, అన్నిటికన్నా ముఖ్యంగా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. "తిన్నదమ్మా, బాగానే ఉంది" అని మిమ్మల్ని సంతోషపెట్టే మనిషి వద్దు, "పొద్దున పెట్టినది అలాగే ఉంది" అని చెప్పే మనిషి కావాలి. మీ పనమ్మాయికి పిల్లులంటే భయమని, పిల్లి ఎదురొస్తే వెనక్కి వెళ్ళి మళ్ళీ వస్తుందని రాశారు కదా, ఆ నమ్మకాన్ని మార్చే ప్రయత్నం ఈ మూడు వారాల కోసం పెట్టుకోవద్దు. ఆమెతో వాకిలి, కాంపౌండు మాత్రం ఊడ్పించండి, ఇంటి లోపలి తాళంచెవి ఇవ్వవద్దు. టీచరమ్మకు జ్వరం వస్తేనో, ఆమె ఇంట్లో ఏదైనా శుభమో అశుభమో జరిగితేనో రావడానికి రెండో మనిషిని కూడా ఇప్పుడే అనుకోండి. రెండో తాళంచెవి ఆ మనిషి దగ్గరే ఉండాలి గాని మీతో బెంగళూరుకు రాకూడదు. ఎంత దగ్గరివాళ్ళయినా ఇది పనే కాబట్టి, ఆమె వద్దన్నా డబ్బు రూపంలోనో మరో రూపంలోనో ప్రతిఫలం ముందే మాట్లాడుకోండి. మొహమాటంతో ఒప్పుకున్న పని పదో రోజుకు బరువనిపిస్తుంది.

ఇక అలవాటు చేయడం. ఈ భాగంలో తొందరపడితే మిగిలిన ఏర్పాట్లన్నీ వృథా అవుతాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మొదటి వారం టీచరమ్మను మీరు ఇంట్లో ఉన్నప్పుడే, పిల్లులకు తిండి పెట్టే వేళకు రమ్మనండి. బెల్లు కొట్టవద్దని చెప్పండి. మల్లికి బెల్లు మోతే ప్రమాద సంకేతం, ఆ మోతతోనే టీచరమ్మతో పరిచయం మొదలవకూడదు. ఆమె లోపలికి వచ్చి, మల్లి దాక్కునే గదిలో, మంచానికి వీపు తిప్పి నేల మీద కూర్చుని పేపరు చదువుకుంటే చాలు. పైకి చదివితే ఇంకా మంచిది, ఎందుకంటే గొంతు అలవాటవుతుంది. పిల్లిని పేరు పెట్టి పిలవనక్కరలేదు, చూడనక్కరలేదు. రెండో మూడో రోజుకు మంచం కింద దుప్పటి అంచు కొద్దిగా కదులుతుంది, ముందు మీసాలు, తర్వాత ముక్కు బయటికి వస్తాయి. పిల్లి మెడ సాచి, కాళ్ళు మాత్రం వెనకే ఉంచి, ఆమె చీర కుచ్చిళ్ళ వాసన చూసి మళ్ళీ లోపలికి పోతుంది. ఆ క్షణంలో తల తిప్పి చూడాలనిపిస్తుంది, చెయ్యి చాచాలనిపిస్తుంది. రెండూ చేయకూడదు. ఆ రోజుకు అంతే చాలు.

పిల్లి కనబడే దూరంలో కూర్చోవడం మొదలయ్యాక, దాని వైపు తేరిపార చూడకుండా కళ్ళు సగం మూసి, నెమ్మదిగా పూర్తిగా మూసి, మళ్ళీ తెరవమనండి. బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో ప్రకటించిన పరిశోధనలో, ఇలా నెమ్మదిగా కళ్ళార్పిన కొత్త మనిషి చేతి దగ్గరికి పిల్లులు ఎక్కువగా వచ్చినట్లు తేలింది. పిల్లి కూడా తిరిగి కళ్ళు మూసి తెరిస్తే పరిచయం కుదిరినట్లే. రెండో వారం నుంచి గిన్నెలో తిండి ఆమె చేతుల మీదుగానే పడాలి, మీరు పక్క గదిలో ఉండాలి. మూడో వారం ఆమె వచ్చే వేళకు మీరు బజారుకో గుడికో వెళ్ళిపోండి. చివరగా మంత్రాలయానికో శ్రీశైలానికో వెళ్ళి ఒక రాత్రి అక్కడే ఉండి రండి. ఆ ఒక్క రాత్రి సోము, మల్లి ఎంత తిన్నాయో, మలమూత్రాలకు పెట్టే లిట్టర్ ట్రే ఎలా వాడాయో చూస్తే, మూడు వారాలు ఎలా గడుస్తాయో మీకు దాదాపుగా అర్థమవుతుంది. అప్పుడు కూడా మల్లి పూర్తిగా తిండి మానేస్తే, ప్రయాణంలో మీ ఇద్దరిలో ఒకరు వారం ఆలస్యంగా వెళ్ళగలరేమో ఆలోచించుకోవడానికి సమయం ఉంటుంది.

మల్లి దాక్కునే చోటును మూయవద్దు. దాక్కోనివ్వకపోతే అలవాటవుతుందని కొందరు మంచం చుట్టూ అట్టలు అడ్డం పెడతారు, అది పిల్లిని కాలుగాలిన పిల్లిని చేయడమే అవుతుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో, ఆశ్రయ కేంద్రానికి కొత్తగా వచ్చిన పిల్లుల్లో దాక్కునేందుకు పెట్టె ఇచ్చినవి మిగతావాటి కంటే ముందుగా తేరుకున్నాయని చూపించారు. మీ ఇంట్లో మంచం కిందనే ఒక అట్టపెట్టెను పక్కకు తిప్పి, అందులో మీరు కట్టి విడిచిన పాత నూలు చీర పరచండి, ఉతకకుండా పరచండి. అటక మీదికి, సామాను గది లోపలికి మాత్రం దారి మూసేయండి. అక్కడ ఇరుక్కుంటే టీచరమ్మ చేరలేదు. పిల్లులను మోసే క్యారియర్‌ను ఇప్పుడే అటక మీంచి దించి, మూత తీసి, గదిలో ఒక మూల పెట్టండి, అప్పుడప్పుడు దాంట్లో నాలుగు మేత గింజలు వేయండి. ఆసుపత్రికి తీసుకెళ్ళవలసిన రోజున మాత్రమే కనబడే బుట్టను ఏ పిల్లీ దగ్గరికి రానివ్వదు.

వాకిలి గురించి ఒక మాట. మనిషి లోపలికి వచ్చే ఆ రెండు క్షణాలే పిల్లి తప్పించుకునే క్షణాలు. బయటి గ్రిల్లు గేటు వేసి, గడియ పెట్టాకే లోపలి తలుపు తీయాలి, వెళ్ళేటప్పుడు దీనికి తలకిందులుగా చేయాలి. కిటికీలకు గ్రిల్లు ఉంటే చాలదు, ఆ సందుల్లోంచి మల్లి సులువుగా దూరుతుంది, కాబట్టి దోమల జాలీ చిరగకుండా ఉందో లేదో ఒక్కొక్క కిటికీ తట్టి చూడండి. ఒకవేళ తప్పించుకుంటే వీధులన్నీ తిరగనక్కరలేదు. తప్పిపోయి దొరికిన పిల్లుల మీద 2018లో వచ్చిన పరిశోధనలో నూటికి 75 పిల్లులు ఇంటికి 500 మీటర్ల లోపే దొరికాయి, బయటి అలవాటు లేని ఇంటి పిల్లులైతే ఇంకా దగ్గరగానే. మీ కాంపౌండులో మెట్ల కింద, పక్కింటి వాళ్ళ కట్టెల చాటున, ఆగి ఉన్న కారు కింద టార్చి వేసి చూడమనండి, ముఖ్యంగా వీధి సద్దుమణిగిన రాత్రి వేళ.

రోజూ వచ్చినప్పుడు టీచరమ్మ ఏం చూడాలన్నది మీరు ఆమెకు చాలా స్పష్టంగా చెప్పాలి. అందరూ పిల్లి ఫోటో పంపమంటారు. బెదురు పిల్లి ఫోటో కావాలంటే దాన్ని బయటికి రప్పించాలి, రప్పించాలంటే భయపెట్టాలి. మీరు తిండి గిన్నె ఫోటో, లిట్టర్ ట్రే ఫోటో అడగండి. మల్లి రోజంతా కంటబడకపోయినా, గిన్నె ఖాళీ అయి ట్రేలో మూత్రం గడ్డలు ఉంటే అది క్షేమంగా ఉన్నట్లే. నాలుగు కిలోల పిల్లి రోజుకు సుమారు 50 నుంచి 60 గ్రాముల పొడి మేత తింటుంది, మామూలుగా రెండు నుంచి నాలుగు సార్లు మూత్రం పోస్తుంది, ఒకసారి మలం. గడ్డకట్టే రకం లిట్టర్‌లో ఒక్కో మూత్రం గడ్డ నిమ్మకాయంతో అంతకంటే పెద్దదో ఉండాలి. బఠానీ గింజలంత చిన్న చిన్న గడ్డలు చాలా కనబడినా, అసలు గడ్డలే లేకపోయినా, పిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతూ, మూలుగుతూ, వెనక భాగం నాకుతూ కనబడినా అది సోముకు వచ్చిన పాత జబ్బే. చాలామంది దాన్ని మలబద్ధకమనుకొని ఒక రోజు చూద్దామనుకుంటారు. ఆ ఒక రోజు చూడకూడదు, అది రాత్రయినా సరే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి.

రెండు పిల్లులున్న ఇంట్లో ఏ గడ్డ ఎవరిదో తెలియదన్న చిక్కు ఉంది. మీరు కెమెరా పెట్టిద్దామనుకుంటున్నట్లు రాశారు కాబట్టి, దాన్ని సోఫా వైపు కాకుండా ట్రేల వైపు తిప్పి పెట్టండి. సోము రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నాడో, ఎంతసేపు కూర్చుంటున్నాడో బెంగళూరులో ఉండి మీరే చూసుకోవచ్చు. ఆ కెమెరాలోంచి పిల్లులతో మాట్లాడే సదుపాయాన్ని మాత్రం వాడకండి, మనిషి కనబడకుండా మీ గొంతు గోడలోంచి వినబడితే మల్లి ఇల్లంతా వెతికి బెంబేలెత్తుతుంది. రెండు పిల్లులకు మూడు ట్రేలు ఉండాలి, మూడూ ఒకే మూల ఉండకూడదు. ఇప్పుడు వాడుతున్నది తుంగభద్ర ఇసుకే అయినా, కొన్న లిట్టరే అయినా, వెళ్ళే ముందు మార్చకండి. మేత రకం కూడా అంతే. ఎక్కువ రోజులకు సరిపడా మేత పెద్ద గిన్నెలో పోసి వెళ్ళే పద్ధతి వద్దు. వేళకు మేత వదిలే యంత్రం కొనాలనుకుంటే కొనండి గాని, పిల్లి తిన్నదో లేదో చూసి చెప్పే పని అది చేయలేదు.

మీరు వెళ్ళేది ఎండల్లో. కర్నూలులో ఏప్రిల్‌కే పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మిద్దె పైగది రాత్రి కూడా పొయ్యిలాగే ఉంటుంది. పిల్లులకు కింది అంతస్తులో, తూర్పు లేదా ఉత్తరం వైపు గది కేటాయించండి. బేతంచెర్ల బండలో కడప బండలో పరిచిన గది ఉంటే దాన్ని మించినది లేదు, ఎండాకాలం పిల్లి తనంతట తానే వెళ్ళి ఆ బండల మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. పగలు పరదాలు వేసి ఉంచి, పైన ఫ్యాను తిరగనివ్వండి. ఏసీ మీద భారం వేయవద్దు, కరెంటు పోయి మళ్ళీ వచ్చినప్పుడు అది దానంతటదే మొదలు కాకపోవచ్చు, మూసిన గది అప్పుడు ఇంకా ప్రమాదం. టీచరమ్మ పొద్దున ఎనిమిదికి ముందు ఒకసారి, సాయంత్రం ఆరు దాటాక ఒకసారి వస్తే ఆమెకూ ఎండ తగలదు. నీళ్ళు మట్టి ముంతల్లో పోయండి, మట్టిలోంచి నీరు ఆవిరవుతూ ఉంటుంది కాబట్టి చల్లగా ఉంటాయి. తిండి గిన్నె పక్కన కాకుండా రెండు మూడు వేర్వేరు చోట్ల ముంతలు పెడితే పిల్లులు ఎక్కువ తాగుతాయి. నాలుగు కిలోల పిల్లికి తిండిలోదీ తాగేదీ కలిపి రోజుకు దాదాపు 200 మిల్లీలీటర్ల నీరు అవసరం. సోము మూత్రనాళానికి నీళ్ళే మొదటి మందు. డాక్టరు తడి మేత చెప్పి ఉంటే అందులో కూడా రెండు చెంచాల నీళ్ళు కలిపి పెట్టమనండి, అరగంట తర్వాత మిగిలినది తీసి పారేయమనండి, ఈ ఎండకు అది పాడవుతుంది. చీమల కోసం గిన్నెను నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టే మన పాత పద్ధతే సరిపోతుంది, చీమల మందు గీతలు గీయవద్దు. పిల్లి నోరు తెరిచి కుక్కలా ఒగరుస్తుంటే అది వడదెబ్బ కావచ్చు, మామూలు నీళ్ళతో ఒళ్ళు తడిపి, ఫ్యాను కింద ఉంచి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఐసు నీళ్ళు పోయకూడదు.

ఇల్లు తాళం వేసి ఊరికి వెళ్ళేటప్పుడు మనం మామూలుగా చేసే పనులు కొన్ని పిల్లులకు విషం. బీరువా మూలల్లో, బాత్రూముల్లో కలరా ఉండలు వేయడం, ఎలుకల మందు పెట్టడం, వెళ్ళే రోజు ఇల్లంతా ఫినాయిలుతో తుడిపించడం ఈసారి మానుకోండి. ఫినాయిలు నేల మీద నడిచిన పిల్లి తన కాళ్ళు తానే నాక్కుంటుంది, దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. సరిగ్గా ఇదే కారణం వల్ల పారాసెటమాల్ కూడా పిల్లిని చంపుతుంది. ఒళ్ళు వేడిగా ఉందనుకొని ప్రేమతో సగం జ్వరం బిళ్ళ పాలలో కలిపి ఇచ్చేవాళ్ళు ఉన్నారు, ఆ సగం బిళ్ళే చాలు. పిల్లి ఒళ్ళు మామూలుగానే 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుందని, మన చేతికి వేడిగా తగలడం జ్వరం కాదని టీచరమ్మకు చెప్పండి. కుక్కల గోమార్లకు వేసే మందుల్లో పర్మెత్రిన్ ఉన్నవి పిల్లి మీద వేయరాదు. మీరు లేనప్పుడు దేవుడి గదిలో సంధ్యాదీపం వెలిగించమని ఆమెకు చెప్పే ఉద్దేశం ఉంటే, ఆమె కూర్చున్నంతసేపు వెలగనిచ్చి వెళ్ళేటప్పుడు కొండెక్కించమనండి. ఖాళీ ఇంట్లో దీపం, తోక ఊపుతూ తిరిగే పిల్లి ఒకచోట ఉండకూడదు.

డాక్టరు సంగతి వెళ్ళే ముందే తేల్చుకోవాలి. రాయలసీమలో పశువైద్యుల రోజువారీ పని ఎక్కువగా గొర్రెలు, మేకలు, ఆవులు, గేదెలతోనే ఉంటుంది, పిల్లులను తరచుగా చూసేవాళ్ళు కొద్దిమందే. కాబట్టి నిరుడు సోముకు మూత్రనాళం తెరిచి గొట్టం వేసిన డాక్టరునే కలిసి, మీ ప్రయాణం తేదీలు చెప్పి, ఆ రోజుల్లో ఊళ్ళో ఉంటారో లేదో, రాత్రి ఫోన్ ఎత్తుతారో లేదో అడగండి. ఆయన లేకపోతే ఎవరు చూస్తారో ఆయన్నే చెప్పమనండి. పెద్ద ఆసుపత్రి అవసరమైతే మీకు హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఉంది. ఇది చదివే కడప వాళ్ళకు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల దగ్గర, మా అనంతపురం వాళ్ళు బెంగళూరు హెబ్బాళలోని కళాశాలకు కూడా వెళ్ళవచ్చు. అంత దూరం ఎవరు తీసుకెళ్తారు, ఏ కారు పిలవాలి అన్నది కూడా ముందే రాసిపెట్టాలి. ఒక కాగితం మీద మీరు సంతకం చేసి, మీరు ఫోనుకు అందకపోతే చికిత్స విషయంలో టీచరమ్మ నిర్ణయం తీసుకోవచ్చని, ఎంత ఖర్చు దాకా మిమ్మల్ని అడగనక్కరలేదో రాసి, టీకాల కార్డు, నిరుటి చికిత్స కాగితాలతో కలిపి ఫ్రిజ్ మీద పెట్టండి. కొంత డబ్బు ఆమె చేతిలో ఉంచండి. కాన్పు గదిలో ఉన్నప్పుడు ఫోను మోగినా మీరు ఎత్తలేరు కదా. ఎప్పుడు పిలవాలన్నదానికి హద్దులు కూడా ఆ కాగితం మీదే ఉండాలి. సోము 12 గంటలుగా మూత్రం పోయలేదనిపిస్తే వెంటనే, ఏ పిల్లి అయినా 24 గంటలు ఏమీ తినకపోతే ఫోను, రెండో రోజు కూడా తినకపోతే ఆసుపత్రి. టీకాలు బాకీ ఉంటే ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించేయండి, వెళ్ళే ముందు రోజు వేయించి నలతతో వదిలి వెళ్ళవద్దు.

భయం తగ్గించే మందుల గురించి కూడా అడిగారు. చెంపల వాసనను పోలిన ఫెరోమోన్‌ను గదిలో వదిలే, ప్లగ్గులో పెట్టే పరికరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కొన్ని పిల్లులకు ఉపయోగపడతాయి, హాని లేదు, కాని వాటి మీద మాత్రమే ఆధారపడవద్దు. గాబాపెంటిన్ లాంటి మందులు డాక్టరు బరువు చూసి రాస్తేనే, అదీ ఆసుపత్రికి తీసుకెళ్ళే రోజు కోసం మాత్రమే ఉంచుకోండి.

తిరిగి వచ్చిన రోజు పిల్లులు పరుగెత్తుకొచ్చి మిమ్మల్ని అల్లుకుంటాయని అనుకోకండి. మీ బట్టల్లో ఆసుపత్రి వాసన, పసిబిడ్డ వాసన, రైలు వాసన ఉంటాయి. మల్లి మిమ్మల్ని కూడా చూసి ఒక పూట దాక్కోవచ్చు, సోము మీ పెట్టె వాసన చూసి బుసకొట్టవచ్చు. స్నానం చేసి, ఇంటి బట్టలు కట్టుకొని, మామూలు వేళకు మామూలు గిన్నెలో తిండి పెట్టండి, ఒళ్ళోకి లాక్కోవద్దు. టీచరమ్మను ఆ రోజుతోనే ఆపేయకుండా ఇంకో రెండు మూడు రోజులు సాయంత్రం రమ్మనండి, అలవాటు నిలిస్తే మనవడినో మనవరాలినో చూడడానికి వెళ్ళే వచ్చేసారి అంతా మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు. సోము ట్రేను మీరు వచ్చాక కూడా రెండు వారాలు అదే శ్రద్ధతో గమనించండి, ఒత్తిడి వల్ల వచ్చే మూత్రాశయం వాపు ఇల్లు మళ్ళీ సందడిగా మారిన రోజుల్లోనూ బయటపడుతుంది. ఆ రోజుల్లో గడ్డల పరిమాణం తగ్గినట్లు అనిపిస్తే, అప్పటిదాకా ఉన్న ట్రే ఫోటోలన్నీ డాక్టరుకు చూపించండి.